బురదలోంచి లోహాలు కాదు, భాస్వరాన్ని తీయండి

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో కుదించి చెబుతాను. గోదావరి పశ్చిమ డెల్టాలో సుమారు లక్ష జనాభా ఉన్న పట్టణం. అక్కడి మురుగు శుద్ధి కేంద్రం నుంచి వచ్చే బురదను తీసుకోమని పురపాలక సంఘం మీ రైతు ఉత్పత్తిదారుల సంఘాన్ని అడిగింది. మీరు పరీక్ష చేయిస్తే జింకు, సీసం కంపోస్టుకు ఉన్న పరిమితిని కొద్దిగా దాటాయి, కాడ్మియం లోపలే ఉంది. ఇంతలో ఒక కంపెనీ వచ్చింది. బురదను ఆమ్లంతో కడిగి లోహాలను వేరు చేస్తామని, తొంభై శాతం భాస్వరాన్ని స్ట్రువైట్ అనే ఎరువుగా తీసి ఇస్తామని, మిగిలినది పొలాలకు తోలుకోవచ్చని, యంత్రాల ఖర్చులో మీ సంఘం వాటా పెట్టాలని చెప్పింది. పెట్టవచ్చా, ఈలోగా ఆ బురదను దాళ్వాకు, అంటే రెండో పంట వరికి, వేసుకోవచ్చా అని అడిగారు.

వాటా పెట్టకండి. దాళ్వాకు వేయకండి. అయితే ఆ కేంద్రంతో సంబంధం తెంచుకోకండి, ఎందుకంటే మీకు పనికొచ్చే సరుకు అక్కడ నిజంగానే ఉంది. అది ఎక్కడుందో కంపెనీ వాళ్లు మీకు తప్పుగా చూపించారు.

ముందు ఆ తొంభై శాతం సంగతి. అది అబద్ధం కాదు, కానీ మీ బురదకు సంబంధించిన లెక్క కాదు. బురదను విడిగా, వేరే ఏ ఇంధనంతోనూ కలపకుండా కొలిమిలో కాల్చి, మిగిలిన బూడిదను సల్ఫ్యూరిక్ లేదా హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కరిగిస్తే ఎనభై, తొంభై శాతం భాస్వరం బయటికి వస్తుంది. జర్మనీలో హాంబర్గ్ నగరం ఇలాంటి దారి పట్టింది. అక్కడ 2017లో తెచ్చిన నిబంధనల ప్రకారం లక్ష జనాభా స్థాయి దాటిన కేంద్రాలు 2029 నుంచి, యాభై వేలు దాటినవి 2032 నుంచి భాస్వరాన్ని తిరిగి రాబట్టి తీరాలి. స్విట్జర్లాండ్‌లో బురదను పొలాలకు వేయడమే 2006 నుంచి నిషిద్ధం. అంటే వాళ్లకు బురదను కాల్చడం ఎలాగూ తప్పదు, కాల్చాక బూడిద ఎలాగూ మిగులుతుంది, ఆ బూడిదలో భాస్వరం ఐదు నుంచి పది శాతం దాకా ఉంటుంది. రాక్ ఫాస్ఫేట్ ఖనిజంతో పోటీ పడగల సరుకు అది. మీ దగ్గర ఉన్నది బూడిద కాదు. గిరగిర తిప్పి నీటిని వేరు చేసే సెంట్రిఫ్యూజ్ నుంచి బయటపడిన తర్వాత కూడా నాలుగింట మూడు వంతులకు పైగా నీరున్న ముద్ద, దానిలో కాలువ ఒండ్రు. తడి బురదలో ఆమ్లం పోసి తొంభై శాతం అనే మనిషి, ఆ అంకె ఏ పద్ధతిదో తెలియకనైనా అంటుండాలి, తెలిసైనా అంటుండాలి. రెండూ మీకు మంచివి కావు.

ఇప్పుడు ఆమ్లం అసలు ఏం చేస్తుందో చూద్దాం, చిక్కంతా ఇక్కడే ఉంది. బురదలో భాస్వరం ఒక్క రూపంలో ఉండదు. కొంత సూక్ష్మజీవుల ఒంట్లో ఉంటుంది, కొంత ఇనుముతో, అల్యూమినియంతో, కాల్షియంతో కట్టుబడి ఉంటుంది. లోహాలు కూడా అంతే. జింకు, కాడ్మియం, నికెల్ కాస్త పులుపు తగలగానే కదులుతాయి. రాగి సేంద్రియ పదార్థాన్ని గట్టిగా పట్టుకుని ఉంటుంది, దాన్ని ఆక్సీకరణం చేస్తే తప్ప వదలదు. క్రోమియం, పులుపును కొలిచే పీహెచ్ (అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) రెండుకు దిగితే గాని కదలదు. సీసం అయితే సల్ఫ్యూరిక్ ఆమ్లం తగలగానే సీసపు సల్ఫేట్‌గా మారి కరగకుండా అక్కడే కూర్చుంటుంది. మీ బురదలో పరిమితి దాటినవి జింకు, సీసం. కంపెనీ చెప్పిన ఆమ్లం సల్ఫ్యూరిక్. అంటే రెండింటిలో ఒకదాన్ని అది కడగలేదు. ఒక్క ఈ ప్రశ్న అడిగి చూడండి, ఎదుటివారికి రసాయనం ఎంత తెలుసో బయటపడుతుంది.

పీహెచ్ రెండు దగ్గరికి దించితే లోహాలతో పాటు భాస్వరమూ కరుగుతుంది. రెండూ ఒకే ద్రావణంలో కలిసి వస్తాయి. అక్కడ మళ్లీ పీహెచ్ పెంచితే మూడు, నాలుగు దగ్గరే ఇనుము, అల్యూమినియం భాస్వరాన్ని పట్టుకుని కిందికి దిగిపోతాయి. ఆ ఇనుప ఫాస్ఫేట్‌ను స్ట్రువైట్ అనలేరు. స్ట్రువైట్ అంటే మెగ్నీషియం, అమ్మోనియం, ఫాస్ఫేట్ సమంగా కలిసిన స్ఫటికం. అది పీహెచ్ ఎనిమిది పైనే చక్కగా ఏర్పడుతుంది. రెండు నుంచి ఎనిమిదికి వెళ్లే దారిలో ఇనుము, అల్యూమినియం కాపు కాసి ఉంటాయి, వాటి వెనకే రాగి, జింకు కూడా హైడ్రాక్సైడ్లుగా దిగుతాయి. అందుకే ఈ దారిన నడిచినవాళ్లు మధ్యలో ఇంకో మెట్టు కట్టుకున్నారు. జర్మనీలోని గిఫ్‌హోర్న్‌లో ఆమ్లం తర్వాత సల్ఫైడ్ ఇచ్చి లోహాలను ముందుగా నల్లటి మడ్డిగా దించారు. స్టుట్‌గార్ట్ పద్ధతిలో సిట్రిక్ ఆమ్లం కలుపుతారు. అది లోహాలను తన గుప్పిట్లో పెట్టుకుని ద్రావణంలోనే ఉంచుతుంది, తర్వాత మెగ్నీషియం ఇచ్చి స్ట్రువైట్ దించుతారు. రెండూ పనిచేసే పద్ధతులే. కానీ ఆమ్లం, క్షారం, సల్ఫైడ్ లేదా సిట్రిక్ ఆమ్లం, మెగ్నీషియం, ఇవన్నీ కొనాలి. సల్ఫైడ్ ఉన్న చోట పీహెచ్ కొంచెం అటూ ఇటూ అయితే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు లేస్తుంది. మూసిన గదిలో అది మనిషిని నిమిషాల్లో చంపుతుంది. సెప్టిక్ ట్యాంకుల్లో దిగి కార్మికులు చనిపోయారన్న వార్తల వెనక చాలాసార్లు ఉండేది ఈ వాయువే. పురపాలక కేంద్రంలో రాత్రి డ్యూటీకి ఇద్దరే ఉండే చోట ఇలాంటిది పెట్టమని నేను ఎవరికీ చెప్పను.

సల్ఫ్యూరిక్ ఆమ్లం కొవ్వూరులోనే తయారవుతుంది కదా, దూరం కూడా లేదు అనవచ్చు. నిజమే. అయితే బూడిదకైనా కిలోకు అర కిలో దాకా ఆమ్లం పడుతుంది. తడి బురదకు ఇంకో ఇబ్బంది కూడా ఉంది. ఆమ్లం తగిలాక సేంద్రియ పదార్థం జిగురుగా మారి ఫిల్టర్ గుడ్డలను మూసేస్తుంది. ప్రయోగశాలలో గాజు బీకరులో చూపిస్తే ఈ జిగురు కనిపించదు.

ఆమ్లం కొనకుండా గంధకం పొడి చల్లి బాక్టీరియా చేతే ఆమ్లం తయారు చేయించే పద్ధతి ఒకటుంది. దాన్ని బయోలీచింగ్ అంటారు. ఆసిడిథియోబాసిల్లస్ జాతి జీవులు గంధకాన్ని తిని సల్ఫ్యూరిక్ ఆమ్లం వదులుతాయి. ఒకటి రెండు వారాల్లో పీహెచ్ రెండుకు దిగుతుంది. మన వేడి వాటికి భేషుగ్గా సరిపోతుంది కూడా. జింకు, రాగి, నికెల్, కాడ్మియం బాగా వస్తాయి, సీసం, క్రోమియం అంతగా రావు. భాస్వరంలో ఒక భాగం కూడా ఆ ద్రవంలోకి పోతుంది. ఆ తర్వాత మీ చేతిలో మిగిలేది పుల్లటి బురద, లోహాలు కలిసిన పుల్లటి నీరు. ఆ నీటిని ఏం చేస్తారు? సున్నం వేసి మళ్లీ మడ్డి చేస్తారు. ఆ మడ్డి ప్రమాదకర వ్యర్థం కిందికి వస్తుంది. దాన్ని కేంద్రం వెనక గుంత తీసి పూడ్చడానికి వీల్లేదు, పత్రాలతో సహా విశాఖపట్నం దగ్గరి పరవాడలోని ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపాలి. కంపెనీ వాళ్ల కాగితంలో ఈ ఖర్చు ఏ వరుసలో ఉందో వెతకండి.

లోహాలు అమ్మితే డబ్బు వస్తుందన్నారట. లెక్క చాలా చిన్నది. టన్ను ఎండు బురదలో రాగి 300 గ్రాములు, జింకు ఒక కిలో ఉన్నాయనుకోండి, పరిమితి అంచున ఉన్న బురదలో అంతే ఉంటాయి. ఇవాళ్టి ధరలు ఎలా వేసినా ఆ రెండూ కలిపి వెయ్యి రూపాయలకు చేరవు, అదీ వంద శాతం శుద్ధంగా తీస్తే. జపాన్‌లో సువా అనే చోట బురద బూడిదలో టన్నుకు కిలోన్నరకు పైగా బంగారం దొరికిందని ఇలాంటి కంపెనీలు బొమ్మలతో సహా చూపిస్తుంటాయి. నిజంగానే దొరికింది. ఆ చుట్టుపక్కల సూక్ష్మ యంత్ర పరికరాల కర్మాగారాలు ఉన్నాయి కాబట్టి దొరికింది. మన దగ్గర కంసాలి వీధి కాలువలో పూడిక ఎత్తి, కడిగి, రజను ఏరుకునేవాళ్లు తరతరాలుగా ఉన్నారు. వాళ్లు శుద్ధి కేంద్రం దాకా ఎప్పుడూ పోలేదు. అక్కడికి చేరేసరికి ఊరంతా కలిసి పలచబడిపోతుందని వాళ్లకు తెలుసు.

ఇక భాస్వరం. ఇది నిజంగా విలువైనది, మన దేశానికి మరీను. రాక్ ఫాస్ఫేట్, ఫాస్ఫారిక్ ఆమ్లం, తయారైన డీఏపీ, ఈ మూడింటికీ మనం బయటి దేశాల మీదే ప్రధానంగా ఆధారపడ్డాం. కాకినాడలో కాంప్లెక్స్ ఎరువుల కర్మాగారం రేవు పక్కనే ఉండటం ఊరికే కాదు. మనిషి ఒంట్లోంచి రోజుకు ఒక గ్రాము నుంచి ఒకటిన్నర గ్రాముల భాస్వరం బయటికి పోతుంది. తల ఒక్కంటికి 1.2 గ్రాములు వేస్తే లక్ష మందికి రోజుకు 120 కిలోలు, ఏడాదికి 44 టన్నులు. డీఏపీలో భాస్వరం 20 శాతం కాబట్టి ఇది నాలుగు వేల పైచిలుకు బస్తాల డీఏపీకి సమానం. ఈ అంకె వినగానే కంపెనీలకు నోరూరుతుంది.

ఆ 120 కిలోలూ కేంద్రానికి రావు. మన డెల్టా పట్టణాల్లో భూగర్భ మురుగు గొట్టాలు తక్కువ. మరుగుదొడ్ల నీరు సెప్టిక్ ట్యాంకుకు, దాని పొంగు, వంటగది నీరు, స్నానాల నీరు వీధి కాలువకు, వీధి కాలువ పెద్ద డ్రెయిన్‌కు. ఆ డ్రెయిన్ నీటిని అడ్డగించి కేంద్రానికి మళ్లిస్తారు. సగం వస్తుందనుకుందాం, 60 కిలోలు. కేంద్రం భాస్వరాన్ని బాగా పట్టేదైతే అందులో ఎనభై శాతం, 48 కిలోలు బురదలోకి చేరుతుంది. మిగతాది శుద్ధి చేసిన నీటితో పాటు మళ్లీ డ్రెయిన్‌లోకే పోతుంది, అక్కడ గుర్రపుడెక్కకు ఎరువు అవుతుంది.

ఆ బురదలోంచి తీయడానికి సులువైన సమయం ఒకటుంది, అది దాటితే కష్టం. మీ కేంద్రం ఎస్‌బీఆర్ పద్ధతిది అన్నారు. అంటే ఒకే తొట్టిలో వంతులవారీగా నీరు నింపడం, గాలి ఊదడం, తేర్చడం. ఈ పద్ధతిలో గాలి లేని దశను సరిగ్గా నడిపితే భాస్వరాన్ని ఆబగా మింగే సూక్ష్మజీవులు పెరుగుతాయి. వాటి స్వభావం విచిత్రం. గాలి లేనప్పుడు తమలో దాచుకున్న భాస్వరాన్ని నీటిలోకి వదిలేస్తాయి, గాలి అందగానే వదిలినదానికంటే ఎక్కువ మింగుతాయి. మామూలుగా అవి నిండుగా మింగిన దశలో బురదను బయటికి తీసి పిండి ఎండబెడతారు. అలా చేయకుండా, చిక్కబరచిన బురదను ఒక తొట్టిలో గాలి ఊదకుండా కొన్ని గంటల నుంచి ఒక రోజు దాకా నిలబెడితే, దాచుకున్న భాస్వరంలో గణనీయమైన భాగాన్ని అవే నీటిలోకి వదిలేస్తాయి. ఆమ్లం అక్కర్లేదు. మన ఉష్ణోగ్రతల్లో ఇది త్వరగానే జరుగుతుంది. అప్పుడు సెంట్రిఫ్యూజ్ ఆడిస్తే, భాస్వరం తేట నీటిలోకి వస్తుంది, లోహాలు బురదలోనే ఉండిపోతాయి. ఎందుకంటే పీహెచ్ ఏడు దగ్గర జింకుకు గాని, సీసానికి గాని, కాడ్మియానికి గాని బురదను వదిలి రావాల్సిన అవసరం లేదు.

నేను చెప్పదలచుకున్నది ఇదే. లోహాలను బురదలోంచి లాగడం కష్టం, లాగినా పెట్టుకోవడానికి చోటు లేదు. భాస్వరాన్ని లాగితే లోహాలు వాటంతట అవే వెనక ఉండిపోతాయి. తేట నీటిలోంచి పెరిగిన స్ట్రువైట్ స్ఫటికంలో కాడ్మియం, చాలా దేశాల నుంచి వచ్చే రాక్ ఫాస్ఫేట్‌తో చేసిన ఎరువుల కంటే తక్కువే ఉంటుంది. ఒకే షరతు, ఆ తేట నిజంగా తేటగా ఉండాలి. బురద రేణువులు కలిసిపోతే స్ఫటికం లోపల అవీ చిక్కుకుంటాయి.

దీన్నంతా ఒక్క పనితో పాడుచేయవచ్చు. ఆ పని పటిక వేయడం. కేంద్రంలో భాస్వరం అంకె తగ్గించడానికి పటిక గాని, ఫెర్రిక్ క్లోరైడ్ గాని, పీఏసీ అనే అల్యూమినియం లవణం గాని వేస్తున్నారా అన్నది మీరు మొదట అడగాల్సిన ప్రశ్న. వేస్తుంటే భాస్వరం అల్యూమినియంతోనో ఇనుముతోనో కట్టుబడిపోయింది. నేను చెప్పిన తొట్టి దాన్ని విడిపించలేదు. నడిపేవాళ్లకు పటిక సులువు, ఒక డ్రమ్ము, ఒక పంపు చాలు. గాలి దశను సరిగ్గా నడపాలంటే రోజూ చూసుకోవాలి. అందుకే చాలా చోట్ల పటికే గెలుస్తుంది.

మిగిలిన లెక్క. 48 కిలోల్లో మూడో వంతు తేటలోకి వచ్చిందనుకుంటే 16 కిలోలు. స్ఫటికాల తొట్టిలో దానిలో 85 శాతం పట్టుబడితే 13.6 కిలోల భాస్వరం. స్ట్రువైట్‌లో భాస్వరం 12.6 శాతం. అంటే రోజుకు 108 కిలోలు, రెండు బస్తాలు. తొంభై శాతం అన్న కాగితానికీ, ఈ రెండు బస్తాలకూ ఎంత దూరమో చూడండి. అయినా ఆ రెండు బస్తాలు నిజం, నిలకడగా వచ్చేవి.

దీనికి మెగ్నీషియం, అమ్మోనియం కావాలి. 16 కిలోల భాస్వరానికి కాస్త అధికంగా వేసుకుంటే పదహారు కిలోల మెగ్నీషియం. మన ప్రాంతంలో మెగ్నీషియం క్లోరైడ్ కోసం ఎక్కడికీ పోనక్కర్లేదు, రొయ్యల చెరువులకు ఖనిజ లవణాలు అమ్మే ప్రతి దుకాణంలోనూ బస్తాలు ఉంటాయి. ఇంకా చవకగా కావాలంటే ఉప్పు మడుల్లో ఉప్పు తీశాక మిగిలే చేదు నీరు. లీటరుకు 40 గ్రాముల మెగ్నీషియం ఉందనుకుంటే రోజుకు నాలుగు వందల లీటర్లు చాలు, చిన్న ట్యాంకరు ఒక్కసారి తెస్తే పది రోజులు వస్తుంది. ముందు పరీక్ష చేయించి కొనండి, మడిని బట్టి, కాలాన్ని బట్టి చిక్కదనం మారుతుంది. అమ్మోనియం విషయంలో మాత్రం జాగ్రత్త. బురదను మురగబెట్టి గ్యాసు తీసే డైజెస్టర్లు ఉన్న పెద్ద కేంద్రాల్లో అమ్మోనియం పుష్కలంగా ఉంటుంది. మీ కేంద్రంలో డైజెస్టర్ లేదు కాబట్టి తేటలో అది చాలకపోవచ్చు. దానికి మీ ఊళ్లోనే మందుంది. సెప్టిక్ ట్యాంకులు ఖాళీ చేసే ట్యాంకర్ల సరుకు తేర్చితే వచ్చే పై నీటిలో అమ్మోనియం దండిగా ఉంటుంది. దాన్ని ఇందులో కలిపితే రెండు పనులు ఒకేసారి అవుతాయి. ఇప్పుడు ఆ ట్యాంకర్లలో కొన్ని రాత్రిపూట ఏ డ్రెయిన్‌లో ఖాళీ అవుతున్నాయో మీకూ తెలుసు.

పీహెచ్ పెంచడానికి కాస్టిక్ సోడా కొనమంటారు. ముందు గాలి ఊది చూడండి. నీటిలోని కార్బన్ డయాక్సైడ్ పోతే పీహెచ్ ఎనిమిదికి దానంతట అదే చేరువవుతుంది. తేటలో కరిగిన భాస్వరం లీటరుకు కనీసం 50 మిల్లీగ్రాములు, వీలైతే వంద ఉంటేనే ఈ పని మొదలుపెట్టండి. అంతకు తక్కువైతే స్ఫటికాలు సన్నగా పొడిలా ఏర్పడి నీటితో పాటు కొట్టుకుపోతాయి.

ఆ రెండు బస్తాలు ఎవరికి అమ్మాలి? వరి రైతుకు కాదు. మన డెల్టా నల్లరేగడి చాలా చోట్ల తటస్థం నుంచి క్షార గుణం వైపు ఉంటుంది, అలాంటి నేలలో స్ట్రువైట్ నెమ్మదిగా కరుగుతుంది. పైగా దశాబ్దాలుగా డీఏపీ గుమ్మరించిన పొలాల్లో భాస్వరం నిల్వలు ఎక్కువగానే ఉంటాయి, భూసార పరీక్ష చేయించిన రైతులకు ఇది కొత్త సంగతి కాదు. నెమ్మదిగా కరగడమే గుణంగా కొనేవాళ్లు కడియం నర్సరీలవాళ్లు. కుండీలో మొక్కకు నెలల తరబడి కొద్దికొద్దిగా భాస్వరం, నత్రజని, మెగ్నీషియం అందాలి, వేర్లు మాడకూడదు. స్ట్రువైట్ సరిగ్గా అదే చేస్తుంది. అలంకార మొక్కలు కాబట్టి తిండిలోకి పోతుందన్న భయమూ లేదు. రోజుకు రెండు బస్తాలు కడియపులంకకు లెక్కలోకి రాని సరుకు. అయితే దేన్నైనా ఎరువు అని అమ్మాలంటే 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వులో దానికి నిర్దేశాలు ఉండాలి. బస్తా మీద ఏ పేరు వేస్తారు, ఏ నిర్దేశం కింద అమ్ముతారు అని కంపెనీని రాతపూర్వకంగా అడగండి. జిల్లా వ్యవసాయ కార్యాలయంలో ఆ కాగితం చూపించి నిర్ధారించుకున్నాకే ముందుకు వెళ్లండి.

ఇప్పుడు మిగిలిపోయిన బురద, దానిలోని లోహాలు. మీ పరీక్ష కాగితాన్ని ఇంకోలా చదవాలి. సిటీ కంపోస్టుకు ఎరువుల ఉత్తర్వులో పరిమితులు కిలోకు జింకు 1,000 మిల్లీగ్రాములు, రాగి 300, సీసం 100, క్రోమియం 50, నికెల్ 50, ఆర్సెనిక్ 10, కాడ్మియం 5, పాదరసం 0.15. వీధి కాలువల మీదుగా వచ్చిన బురదలో ఒండ్రు, ఇసుక ఎక్కువ. అవి బరువు పెంచి లోహాల అంకెను పలచన చేస్తాయి. అందుకే నేను లోహాన్ని బురద బరువుతో కాకుండా భాస్వరం బరువుతో పోల్చి చూస్తాను. ఉదాహరణకు కాడ్మియం 3, భాస్వరం ఒక శాతం ఉన్న బురద మన పరిమితిలో హాయిగా ఉత్తీర్ణమవుతుంది. అదే బురదను భాస్వరం లెక్కన చూస్తే, ఎరువుల్లో భాస్వరాన్ని లెక్కగట్టే రూపమైన పీ2ఓ5 కిలోకు 131 మిల్లీగ్రాముల కాడ్మియం వస్తుంది. ఐరోపా సమాఖ్య ఫాస్ఫేట్ ఎరువులకు పెట్టిన పరిమితి 60. అంటే పొలానికి కావలసినంత భాస్వరం ఈ బురద ద్వారా ఇస్తే, దాంతో పాటు పోయే కాడ్మియం అక్కడ అనుమతించే దానికి రెండింతలు. ‘పరిమితి లోపలే’ అని మీరు ఊరట పడిన లోహమే నన్ను ఎక్కువ ఆలోచింపజేస్తుంది.

మీరు భయపడిన జింకు నన్ను అంతగా భయపెట్టదు. మన వరి పొలాల్లో జింకు లోపం మామూలే, ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేట్ వేయమని వ్యవసాయ శాఖే చెబుతుంది. అందులో జింకు నాలుగు కిలోల పైచిలుకు. మీ బురద టన్ను వేస్తే పడేది ఒక కిలో చిల్లర. కంపోస్టుగా అమ్మడానికి చట్టం ఒప్పుకోదు, అది వేరే మాట.

కాడ్మియం వరిలో ఎలా ప్రవర్తిస్తుందో తెలిస్తే దాళ్వాకు వద్దని ఎందుకన్నానో అర్థమవుతుంది. పొలం నీటితో నిండి ఉన్నంతకాలం అది సల్ఫైడ్‌గా కరగకుండా ఉంటుంది. కోతకు ముందు నీరు తీసేస్తాం కదా, అప్పుడు నేలలోకి గాలి చేరి ఆ సల్ఫైడ్ విచ్ఛిన్నమవుతుంది, గింజ పాలు పోసుకుని గట్టిపడే సమయంలోనే కాడ్మియం వేర్లకు అందుతుంది. జపాన్‌లో జింజు నది కింద వరి తిన్నవాళ్లకు ఎముకలు విరిగే ఇతాయ్ ఇతాయ్ రోగం వచ్చింది ఇందువల్లనే. గనుల కాడ్మియమే కారణమని అక్కడి ప్రభుత్వం 1968లో అధికారికంగా ఒప్పుకుంది. మీ బురద ఆ గని నీరు కాదు, ఒక పంటతో ఎవరికీ ఏమీ కాదు. కానీ కాడ్మియం పొలంలో పడితే మళ్లీ దాదాపు బయటికి పోదు, ఏటా వేసింది ఏటా చేరుతూనే ఉంటుంది. సీసం గింజలోకి అంతగా ఎక్కదు, ఆకుకూరలకు మట్టిగా అంటుకుంటుంది. చెరువుల్లోకి కూడా ఈ బురద వద్దు. నట్టల గుడ్లు, మందుల అవశేషాలు ఉన్న సరుకును ఎగుమతి రొయ్య దగ్గరికి తీసుకుపోవడం ఎందుకు?

లోహాలను తగ్గించే పని కేంద్రంలో కాదు, కాలువల దగ్గర మొదలవ్వాలి. నీటి నమూనా తీస్తే ఆ క్షణంలో ఏముందో అదే తెలుస్తుంది. కాలువ అడుగున పేరుకున్న పూడికలో నెలల చరిత్ర ఉంటుంది. పక్క కాలువలు కలిసే ప్రతి చోటా పూడిక నమూనా తీసి సీసం, జింకు, కాడ్మియం చూడండి. పై నుంచి కిందికి వస్తుంటే ఒక చోట అంకె హఠాత్తుగా పెరుగుతుంది. అక్కడి నుంచి వెనక్కి నడవండి. ఎక్కువసార్లు మీకు కనిపించేది పాత బ్యాటరీలు విప్పే దుకాణం, గిల్టు పని చేసే షెడ్డు, రేడియేటర్లకు టంకం వేసే గ్యారేజీ. అలాంటివి రెండో మూడో ఉంటాయి, వందలు ఉండవు. వాళ్ల నీరు కాలువలో పడకుండా డ్రమ్ములో పట్టించడం, మీ పట్టణమంతటి బురదను ఆమ్లంతో కడగడంతో పోలిస్తే ఖర్చే కాదు. ఆ తర్వాత వేసవిలో సాగునీటి కాలువలు కట్టేసినప్పుడు ఆ దారిలోని పూడికను తీయించండి, లేకపోతే మొదటి వానకే అది కదిలి మళ్లీ కేంద్రానికి వస్తుంది. శుద్ధి తొట్టిలో బురద వయసు వారాల్లోనే ఉంటుంది కాబట్టి ఫలితం కొద్ది నెలల్లో కనిపిస్తుంది.

అప్పటిదాకా ఉన్న నిల్వను ఏం చేయాలి? పరిమితి దాటినదాన్ని సిమెంటు కొలిమికి పంపడమే మంచిది. భాస్వరం శాశ్వతంగా పోతుంది, నాకూ బాధే, కానీ పాదరసం తప్ప మిగతా లోహాలు కూడా చాలావరకు అక్కడే ఆగుతాయి. రైస్ మిల్లు బాయిలర్‌లో ఊకతో కలిపి కాల్చేద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. ఊక బూడిద దాదాపు అంతా సిలికా. మీ భాస్వరం అందులో కలిసి ఎవరూ తీయలేనంత పలచబడుతుంది, పాదరసం, కాడ్మియం మాత్రం పొగగొట్టం గుండా ఊరి మీదికి వస్తాయి.

కంపెనీతో మళ్లీ మాట్లాడే ముందు కేంద్రం నుంచి మూడు కాగితాలు తెప్పించండి. పటిక గాని ఇనుప లవణం గాని రోజుకు ఎంత వాడుతున్నారన్నది ఒకటి. చిక్కబరచిన బురదను గాలి లేకుండా రాత్రంతా మూతపెట్టిన డబ్బాలో ఉంచి, పొద్దున తేటలో కరిగిన భాస్వరం, అమ్మోనియం కొలిచిన ఫలితం రెండోది. దీనికి యంత్రాలేవీ అక్కర్లేదు, డబ్బా మూతను బిగించకుండా వదులుగా పెట్టమనండి, గ్యాసు లేస్తుంది. మూడోది వానాకాలంలో ఒకసారి, కాలువలు కట్టేసిన రోజుల్లో ఒకసారి తీసిన బురదలో లోహాలతో పాటు మొత్తం భాస్వరం అంకె. మీరు ఇప్పుడు పంపిన కాగితంలో ఆ ఒక్కటే లేదు. అవి చేతికి వచ్చాక ఇక్కడే పెట్టండి, మీ ఊరికి రెండు బస్తాలు వస్తాయో అర బస్తా వస్తుందో లెక్క వేసి చెబుతాను.